డూమ్ పాత కోడ్ కొత్త ల్యాప్‌టాప్‌లో మొరాయిస్తే

డూమ్ ఆట 1993 డిసెంబర్‌లో వచ్చింది. ఆటను తయారుచేసిన ఇడ్ సాఫ్ట్‌వేర్ దాని సోర్స్ కోడ్‌ను 1997 డిసెంబర్‌లో విడుదల చేసింది. అందులో ఉన్నది లినక్స్ రూపం. కిందటి వేసవి సెలవుల్లో కడపలో మా పిన్ని కొడుకూ నేనూ దాన్ని 64 బిట్ల ల్యాప్‌టాప్‌లో నడిపించాలని కూర్చున్నాం. మధ్యాహ్నం కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నిలబడేది, ఫ్యాను లేక మేమే నిలబడలేకపోయేవాళ్లం. చిక్కులు ఎదురైన వరుసలోనే రాస్తున్నాను.

కంపైలే కాదు

కంపైల్ అంటే కోడ్‌ను యంత్రం నడపగల ప్రోగ్రామ్‌గా మార్చడం. మొదటి తప్పు చూసి నవ్వొచ్చింది. ఐ_వీడియో ఫైలు ‘ఎర్‌నోస్.హెచ్’ అనే హెడర్‌ను (కోడ్‌లో కలుపుకునే సహాయక ఫైలును) అడుగుతుంది. ఇప్పటి లినక్స్‌లో అలాంటిది లేదు. చివరి ‘ఎస్’ తీసేస్తే చాలు. తరువాత ‘ట్రూ’, ‘ఫాల్స్’ గొడవ. ఈ కోడ్ ఆ రెండు పేర్లనూ తానే ఈనమ్‌గా (పేర్లు పెట్టిన అంకెల జాబితాగా) నిర్వచించుకుంది. జీసీసీ 15 కంపైలర్ మనం చెప్పకపోతే సి భాష కొత్త ప్రమాణం సి23ను పాటిస్తుంది, అందులో అవి భాషకే చెందిన పదాలు. పాత జీఎన్‌యూ89 ప్రమాణం వాడమని కంపైలర్‌కు చెప్పండి. ఈనమ్ తీసేసి ‘బూల్’ (అవును, కాదు అనే విలువల రకం) పెడదామనిపిస్తుంది. ఆగండి, ఆ కథ కింద ఉంది.

మూడోది ఎం_మిస్క్ ఫైలులో. సెట్టింగుల పట్టికలో స్ట్రింగుల (అక్షరాల వరుసల) చిరునామాలను ‘ఇంట్’గా (పూర్ణాంకంగా) మార్చి దాచారు. అప్పట్లో పాయింటర్ (మెమరీ చిరునామా దాచే గడి) 4 బైట్లు, ఇంట్ కూడా 4 బైట్లే. ఇప్పుడు పాయింటర్ 8 బైట్లు. కాస్ట్ (రకం మార్పు) ఒక్కటీ మార్చి కంపైలర్ నోరు మూయించవద్దు. విలువ రకాన్ని పాయింటర్ పట్టే పూర్ణాంకమైన ‘ఇంట్‌పీటీఆర్_టీ’ చేసి, స్ట్రింగులను రాసే చోట వేరే దారి పెట్టండి.

మొదలవుతూనే సెగ్మెంటేషన్ ఫాల్ట్

అంటే తనది కాని మెమరీని ముట్టుకుని ప్రోగ్రామ్ కూలిపోవడం. ముందుగా 32 బిట్ల కోసం కంపైల్ చేసి చూడండి. అక్కడ నడిచి ఇక్కడ పడిపోతే దోషం పాయింటర్ల పరిమాణంలోనే ఉందని దాదాపు తేలిపోతుంది.

ఆర్_డేటా ఫైలులో టెక్స్‌చర్ల (గోడల మీది బొమ్మల) పట్టికకు ‘సంఖ్య ఇంటూ 4’ బైట్లు అడుగుతారు. ఆ 4 పాయింటర్ పరిమాణమే. ఇప్పుడు కావలసిన దానిలో సగమే దొరికి, మిగతా సగం గట్టు దాటి పక్క చేనులోకి పోతుంది. 4 ఉన్న చోట అసలు పరిమాణం చెప్పే ‘సైజాఫ్’ రాయండి. పీ_సెటప్‌లో లైన్‌బఫర్‌కూ ఇదే జబ్బు. కలర్‌మ్యాప్ (వెలుగును బట్టి రంగులు మార్చే పట్టిక) చిరునామాను 256 బైట్ల హద్దుకు సర్దేటప్పుడు కూడా ఇంట్ వాడారు, దాంతో పై 32 బిట్లు తెగిపోతాయి. అక్కడ ‘యూఇంట్‌పీటీఆర్_టీ’ కావాలి.

డూమ్ ఒకేసారి 6 మెగాబైట్లు తీసుకుని తానే పంచుకుంటుంది కాబట్టి, లోపల జరిగే ఈ ఆక్రమణ మెమరీ తప్పులు పట్టే యాడ్రెస్ శానిటైజర్‌కు కనిపించదు. తాత్కాలికంగా ఆ పట్టికలకు విడిగా మెమరీ తెచ్చే మాలాక్ వాడితే దొంగ దొరికిపోతాడు.

‘మిస్సింగ్ ప్యాచ్’ అని ఆగిపోతోంది

“అన్నా, వాడ్ ఫైలు పాడైనట్టుంది” అంటూ మావాడు ఆట బొమ్మలూ పటాలూ ఉండే ఆ ఫైలును మూడుసార్లు మళ్లీ దించాడు. ఫైలుకు ఏమీ కాలేదు. దానిలో ఒక్కో టెక్స్‌చర్ వివరం ఇలా ఉంటుంది: పేరు 8 బైట్లు, మాస్క్డ్ 4, వెడల్పు 2, ఎత్తు 2, ఎవరికీ పనికిరాని కాలమ్ డైరెక్టరీ 4, ఆ తరువాత ప్యాచ్‌ల (టెక్స్‌చర్‌ను కూర్చే చిన్న బొమ్మల) సంఖ్య. అంటే ఆ సంఖ్య 20వ బైటు దగ్గర మొదలవుతుంది. కోడ్ మాత్రం ఆ పనికిరాని గడిని పాయింటర్‌గా ప్రకటించింది. 64 బిట్లలో అది 8 బైట్లకు ఉబ్బి, సంఖ్యను 24వ బైటు దగ్గర వెతుకుతుంది. అక్కడ ఉండేది వేరే ఏదో.

ఇప్పుడు బూల్ కథ. మాస్క్డ్ అనేది బూలియన్. నేను ఉత్సాహంగా దాన్ని ఒక బైటు బూల్‌గా మార్చేసరికి వెడల్పు 12కు బదులు 10వ బైటు నుంచి చదవడం మొదలైంది. ఒక పూట పోయింది. మాస్క్డ్, కాలమ్ డైరెక్టరీ రెండు గడులనూ ఎప్పుడూ 4 బైట్లే ఉండే ‘ఇంట్32_టీ’ చేయండి. ఫైలు నుంచి నేరుగా చదివే స్ట్రక్చర్ ఏదైనా ఇలాగే చూసుకోవాలి.

తెర రాదు, వస్తే బొమ్మ అణిగినట్టుంటుంది

ఈ రూపానికి 256 రంగుల పాత తరహా తెరే తెలుసు. పరీక్షకు జెఫిర్‌ను (కిటికీలో మరో తెర తెరిచే ప్రోగ్రామ్‌ను) 8 బిట్ల లోతుతో తెరిస్తే చాలు. నిలకడగా కావాలంటే ఐ_వీడియోను తిరగరాసి, ప్యాలెట్‌ను (ఆ 256 రంగుల పట్టికను) 32 బిట్ల రంగుల్లోకి మార్చి, తెర మీద గీసే లైబ్రరీ ఎస్‌డీఎల్2కు ఇవ్వండి. 320×200 బొమ్మ 4:3 తెర కోసం గీసింది. ఎత్తును 1.2 రెట్లు సాగదీయండి.

డెమో దారి తప్పుతోంది

ఇది మా స్వయంకృతం. 16.16 స్థిరబిందు లెక్కలు (16 బిట్లు పూర్ణభాగానికి, 16 భిన్నానికి ఇచ్చి పూర్ణాంకాలతోనే చేసే లెక్కలు) పాతబడ్డాయని తీసేసి ఫ్లోట్ (దశాంశ సంఖ్యల రకం) పెట్టాం. డెమో ఫైలులో ఆట ఉండదు, సెకనుకు 35 సార్లు నమోదైన ఆటగాడి కదలికలే ఉంటాయి. లెక్కలో వెంట్రుకవాసి తేడా వచ్చినా అది పెరుగుతూ పోతుంది. మా సైనికుడు తలుపు పక్కన గోడకు తల ఆనించి, ఎదుట లేని శత్రువును కాలుస్తూ ఉండిపోయాడు. ఆట నడిచే లెక్కలన్నీ మళ్లీ పూర్ణాంకాలకు మార్చాం. ఫ్లోట్‌ను తెర మీద గీసే చోట మాత్రమే ఉంచాం. ఆ సాయంత్రం అదే సైనికుడు తలుపు తీసుకుని లోపలికి వెళ్లాడు.