భద్రమైన అభ్యంగనానికి సిద్ధపడే యువతీయువకులకు

పసితనంలో జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొందినవారి తరఫున ఆనాడు తల్లిదండ్రులూ జ్ఞానతల్లిదండ్రులూ మాట్లాడారు. జ్ఞానస్నానం పొందినవారిని పవిత్రాత్మ వరంతో బలపరిచే సంస్కారమైన భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) నాడు మాత్రం సాతానును విడనాడుతున్నానని, తండ్రిని, కుమారుని, పవిత్రాత్మను విశ్వసిస్తున్నానని మీరే మీ నోటితో, సంఘమంతా వింటుండగా చెప్పాలి. అందువల్ల మీ మొదటి పని ప్రార్థనలు కంఠస్థం చేయడం కాదు. దీన్ని నేను నిజంగా కోరుకుంటున్నానా అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోవడం. తోటివారందరూ పేర్లు ఇచ్చారు కనుక నేనూ ఇచ్చాను అన్న జవాబు వస్తే భయపడకండి, దాచకండి. ఆ మాటనే మీకు విశ్వాస పాఠాలు చెప్పే ఉపదేశితోనో, మీ విచారణ (స్థానిక క్రైస్తవ సంఘం) గురువులతోనో చెప్పండి. తగిన బోధ పొంది, యోగ్యమైన మనస్సుతో, జ్ఞానస్నాన ప్రమాణాలను తిరిగి పలకగలిగే స్థితిలో ఉండాలని శ్రీసభ (కతోలిక సంఘం) చట్టమే కోరుతోంది గనుక, ఇంకొంత సమయం అడగడం తప్పు కాదు. వయస్సు విషయంలోనూ కంగారు వద్దు. రోము ఆరాధన క్రమాన్ని పాటించే లతీను శ్రీసభలో యుక్తవివేకం వచ్చే వయస్సే, అంటే మంచిచెడులు తెలిసే వయస్సే, సాధారణ నియమం. వేరే వయస్సును నిర్ణయించే అధికారం ఆయా దేశాల పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్యలకు ఉంది. తూర్పు దేశాల ఆరాధన సంప్రదాయాలను పాటించే తూర్పు శ్రీసభల్లోనైతే ఈ సంస్కారాన్ని జ్ఞానస్నానంతోపాటే పసిబిడ్డలకు ఇస్తారు.

పొందబోయేది ఏమిటో తెలుసుకోవడానికి అపోస్తలుల కార్యములు 8వ అధ్యాయంతో మొదలుపెట్టమని నా సలహా. సమరియా ప్రజలు దేవుని వాక్కును అంగీకరించారని విని యెరూషలేములోని అపోస్తలులు పేతురును, యోహానును అక్కడికి పంపారు. అప్పటికి ఆ ప్రజలు జ్ఞానస్నానం పొందే ఉన్నారు; అయినా ఆ ఇద్దరూ వారికోసం ప్రార్థించి, వారిమీద చేతులుంచినప్పుడు వారు పవిత్రాత్మను పొందారు. ఈ భాగాన్ని చదివిన తరువాత అదే గ్రంథం 2వ అధ్యాయంలో పవిత్రాత్మ శిష్యులమీద దిగివచ్చిన పెంతెకోస్తు సంఘటనను, యెషయా గ్రంథం 11వ అధ్యాయం మొదటి వచనాలను చదవండి. విజ్ఞానం, అవగాహన, ఆలోచన, దృఢత్వం, తెలివి, దైవభక్తి, దైవభయం అనే ఏడు వరాల జాబితాను శ్రీసభ ఆ యెషయా ప్రవచనం ఆధారంగానే బోధిస్తుంది. వాటిని పరీక్ష కోసం వరుసగా అప్పజెప్పడం కన్నా, ఇప్పుడు మీకు ఏది అత్యవసరమో గుర్తించి దాన్ని పేరు పెట్టి అడగడం మేలు. స్నేహితులు ఒకరిని గేలి చేస్తుంటే నోరు మెదపలేకపోయినవారు దృఢత్వాన్ని అడగవచ్చు. ఏ చదువు ఎంచుకోవాలో తేల్చుకోలేనివారు ఆలోచన అనే వరాన్ని అడగవచ్చు.

ప్రార్థన గురించి కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే తయారీ నిలిచేది, కూలేది ఇక్కడే. రోజుకు పది నిమిషాలు, వీలైతే ప్రతిదినం ఒకే వేళకు, కేటాయించండి. ఫోన్‌ను నిశ్శబ్దంలో పెట్టడం చాలదు, వేరే గదిలో వదిలి రండి. సిలువ గుర్తు వేసుకొని, పవిత్రాత్మను రమ్మని మీ సొంత మాటల్లో పిలవండి. ఆ వారపు ఆదివార సువిశేషాన్ని తెరిచి నెమ్మదిగా ఒకసారి చదవండి. రెండోసారి చదివేటప్పుడు ఏ మాట దగ్గర మనస్సు ఆగిందో అక్కడే ఆగిపోండి, ముందుకు వెళ్లనక్కరలేదు. ఆ మాట ఓదార్పునిచ్చినా, కోపం తెప్పించినా, అర్థం కాకపోయినా, దాన్ని ఉన్నదున్నట్టుగా యేసుతో చెప్పండి. కొద్దిసేపు మౌనంగా ఉండి, పరలోక జపంతో ముగించండి. చాలా రోజులు ఏమీ అనిపించదు. అలా అనిపించకపోవడాన్ని విశ్వాసం లేకపోవడంగా పొరబడి మానేసేవారే ఎక్కువ. ఆ పొడి రోజుల్లో కూడా కూర్చోవడమే నమ్మకత్వం.

సందేహాలు కలిగితే వాటిని ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. పూజలో మనం పలికే విశ్వాస సంగ్రహాన్ని (విశ్వాస ప్రకటనను) ఒక్కొక్క వాక్యంగా తీసుకొని, దీన్ని నేను ఎదుటివారికి వివరించగలనా అని పరీక్షించుకుంటే ఎక్కడ తడబడుతున్నారో మీకే తెలుస్తుంది. ఆ ప్రశ్నలను సత్యోపదేశ తరగతికి తీసుకువెళ్లండి. ప్రశ్నించే విద్యార్థి వల్ల తరగతికి మేలే జరుగుతుంది, ఉపదేశి కూడా మరింత శ్రద్ధగా సిద్ధపడతారు.

ఈ సంస్కారాన్ని దేవుని కృపాస్థితిలో పొందాలి గనుక ముందుగా పాపసంకీర్తనం (గురువుల ముందు పాపాలు ఒప్పుకోవడం) చేయండి. చివరి రోజు వరుసలో నిలబడి హడావిడిగా ముగించకుండా, కొన్ని రోజుల ముందే గురువులను సమయం అడగండి. చాలాకాలం తరువాత చేస్తున్నవారు ఆ సంగతే మొదట చెబితే చాలు. క్రమం మరచిపోయినా గురువులు చేయి పట్టి నడిపిస్తారు.

ఈ సంస్కారంలో మీకు తోడుగా నిలిచే జ్ఞానపిత లేదా జ్ఞానమాత ఎంపికలో బంధుత్వ మొహమాటాలకు తావివ్వకండి. సాధారణంగా పదహారేళ్లు నిండి, భద్రమైన అభ్యంగనమూ దివ్యసత్ప్రసాదమూ (కమ్యూనియన్) పొంది, విశ్వాసానికి తగినట్టు జీవిస్తున్న కతోలిక వ్యక్తి అయి ఉండాలి. సొంత తల్లి గాని తండ్రి గాని ఆ బాధ్యత తీసుకోకూడదు. జ్ఞానస్నానం నాటి జ్ఞానతల్లిదండ్రులలో ఒకరైతే మరీ మంచిదని శ్రీసభ అభిప్రాయం. నా దృష్టిలో అసలు కొలమానం ఒక్కటే: మీ విశ్వాసం సన్నగిల్లిన రోజున మొహమాటం లేకుండా వెళ్లి చెప్పుకోగలిగిన వ్యక్తి ఎవరు?

కొత్తగా ఒక పునీతుల పేరు పెట్టుకోవడం కొన్నిచోట్ల ఆచారమే గాని తప్పనిసరి కాదు. పెట్టుకునేటట్లయితే వారి జీవితం చదివి ఎంచుకోండి. 1991లో పుట్టి 2006లో పదిహేనేళ్లకే లుకేమియాతో మరణించిన కార్లో అకుతిస్, తన కంప్యూటర్ నైపుణ్యంతో దివ్యసత్ప్రసాద అద్భుతాల వివరాలను సేకరించి అందరికీ అందుబాటులో ఉంచాడు. 2025లో శ్రీసభ అతణ్ణి పునీతునిగా ప్రకటించింది. మీ ఈడువారికి పవిత్రత అందనిది కాదని నమ్మడానికి ఈ జీవితం తోడ్పడుతుంది.

ఆ రోజు జరిగేది ముందే తెలిసి ఉంటే మనస్సు ప్రార్థన మీద నిలుస్తుంది. ప్రమాణాలు పలికిన తరువాత పీఠాధిపతులు చేతులు చాచి ఏడు వరాల కోసం ప్రార్థిస్తారు. మీరు ఆయన ఎదుటికి వెళ్లినప్పుడు జ్ఞానపిత లేదా జ్ఞానమాత తన కుడిచేతిని మీ భుజంపై ఉంచుతారు. పీఠాధిపతులు సుగంధం కలిపిన క్రిస్మ అనే పవిత్ర తైలంలో బొటనవేలు ముంచి, మీ నుదుట సిలువ గీస్తూ, పవిత్రాత్మ అనే వరపు ముద్రను పొందమని మీ పేరు పెట్టి చెబుతారు. మీరు 'ఆమెన్' అనాలి. గొణగకుండా, వినబడేలా అనండి. తరువాత ఆయన మీకు సమాధానం (శాంతి) కలగాలని పలుకుతారు. ఈ ముద్ర చెరగనిది, కనుక ఈ సంస్కారాన్ని జీవితంలో ఒక్కసారే ఇస్తారు.

తరగతులు ముగిశాయి కదా అని దేవాలయానికి దూరమయ్యే ప్రమాదం సరిగ్గా ఆ తరువాతి వారాల్లోనే ఉంటుంది. అందుకే సంస్కారానికి ముందే మూడు విషయాలు తేల్చుకోండి: మరుసటి ఆదివారం ఏ పూజకు వెళ్తారు, తదుపరి పాపసంకీర్తనం ఎప్పుడు, విచారణలో ఏ సేవకు మీ పేరు ఇస్తారు. పఠనాలు చదవడమో, గాయక బృందమో, చిన్నపిల్లల సత్యోపదేశంలో సహాయమో, వ్యాధిగ్రస్తుల ఇళ్లకు గురువులతో వెళ్లడమో, ఏదైనా సరే ఒక్కటే ఎంచుకొని, కనీసం ఏడాదిపాటు వదలకుండా చేస్తామని ఆ సేవకు బాధ్యులైన వారికి ముందుగానే మాట ఇవ్వండి.