నేల పెంకుపురుగుల్ని పోల్చుకోవడం ఎలా

రాయి ఎత్తగానే చటుక్కున పరుగెత్తే నల్లటి పురుగు నేల పెంకుపురుగే (గ్రౌండ్ బీటిల్, కరాబిడే కుటుంబం) కావచ్చు, కాకపోవచ్చు కూడా. రంగు చూసి పేరు పెట్టేయకండి. అప్పుడే ప్యూపా నుంచి బయటికొచ్చిన నల్ల జాతి పురుగు కూడా లేత గోధుమ రంగులో ఉంటుంది.

పురుగును చిన్న డబ్బాలో వేసి 10 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి, డీప్ ఫ్రీజర్‌లో వద్దు. కదలిక మందగిస్తుంది. 10 రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం చాలు.

ముందు కుటుంబం తేల్చుకోండి. వెల్లకిలా తిప్పి వెనక కాళ్ల మొదట్లో చూడండి: తొడను ఆనుకుని చిక్కుడు గింజలాంటి ఉబ్బు ఉండాలి. అదే ట్రొకాంటర్. వెనక కాళ్ల మొదళ్లు పొట్ట మీది మొదటి పలకను రెండుగా చీలుస్తాయి. తర్వాత పాదాల కణుపులు లెక్కపెట్టండి. మూడు జతల కాళ్లకూ అయిదేసి ఉండాలి. వెనక పాదాలకు నాలుగే ఉంటే అది వేరే కుటుంబానికి చెందిన డార్క్‌లింగ్ బీటిల్. అందరూ ఎక్కువగా పొరబడేది దీని దగ్గరే. దాని మీసాల మొదళ్లు తల అంచు కింద దాగి ఉంటాయి. నేల పెంకుపురుగు మీసాలు దారంలా సన్నగా, 11 కణుపులతో, కంటికీ దవడకీ మధ్య బయటికే కనిపిస్తాయి.

తర్వాత ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు. మన ప్రాంతంలో కొన్ని చూడగానే తెలుస్తాయి. సుమారు 4 సెం.మీ. పొడవున్న నల్లటి ఒంటి మీద ఆరు తెల్ల చుక్కలు (తల వెనకుండే మెడ పలక మీద రెండు, రెక్కల మీద నాలుగు) ఉంటే ఆంథియా సెక్స్‌గుట్టాటా. ఇది ఆమ్లం చిమ్ముతుంది, ముఖానికి దగ్గరగా పట్టుకోవద్దు. రెక్కల చివర అడ్డంగా కోసినట్టుండి పొట్ట కొస బయటికొస్తే, ఒంటి మీద పసుపూ నలుపూ కలిసి ఉంటే ఫెరోప్సోఫస్. అది టప్‌మని చిమ్మే ద్రవం మరిగే నీళ్లంత వేడిగా ఉంటుంది, చర్మం మీద గోధుమ రంగు మరక పడుతుంది. పట్టకారుతోనే పట్టండి. ముందు కాళ్లు వెడల్పై పళ్లు తేలి, నడుము సన్నబడితే మట్టి తవ్వే స్కారైటిస్. వరి దుబ్బుల్లో సన్నగా, ఎర్రగా, రెక్కల మీద నీలి నలుపు పట్టీలతో తిరిగే 8 మి.మీ. పురుగు ఓఫియోనియా. ఆకుముడత పురుగునూ సుడిదోమనూ తినే రైతు నేస్తం, దాన్ని చంపకండి.

మిగతా నల్ల పురుగుల దగ్గరే అసలు పని. కంటి పైన నిక్కపొడుచుకున్న ముళ్ల వెంట్రుకలు లెక్కించండి. ఒక్కో కంటికి ఒక్కటే ఉంటే హార్పాలిని తెగ వైపు, రెండుంటే టెరోస్టికిని తెగ వైపు వెతకడం మొదలెట్టాలి. వెంట్రుక విరిగిపోయినా అది మొలిచిన చిన్న గుంట మిగులుతుంది, వెలుతురును పక్క నుంచి పడనిస్తే కనిపిస్తుంది. ఆ తర్వాత మెడ పలక వెనక మూలల ఆకారం, రెక్కల మీది గీతలు, వాటి మధ్య నూగు చూడాలి. చాలా జాతుల్లో మగవాటి ముందు పాదాలు వెడల్పుగా, అడుగున నూగుతో ఉంటాయి. అంతమాత్రాన వేరే జాతి అనుకోవద్దు.

ఫొటోలు మూడు తీయండి: పైనుంచి, అడుగు నుంచి, తల దగ్గరగా. పక్కన మి.మీ. స్కేలు పెట్టి, దవడల కొస నుంచి రెక్కల చివరి దాకా కొలవండి. చాలా ప్రజాతుల్లో జాతి తేలాలంటే మగ జననాంగాన్ని విప్పి చూడాల్సిందే. ఫొటోతో ప్రజాతి దాకానే తెలిస్తే అంతవరకే రాయండి.