అంతరిక్ష రంగ సారథుల వృత్తి నేపథ్యాన్ని చదవడం ఎలా

అంతరిక్ష సంస్థకో విమాన తయారీ కంపెనీకో కొత్త అధిపతి వచ్చినప్పుడు వెలువడే జీవిత సంగ్రహాలు దాదాపు అన్నీ ఒకే అచ్చులో పోసినట్లు ఉంటాయి. మొదటి వాక్యంలో చదువు, చివరి వాక్యంలో పురస్కారాలు, ఆ రెండింటి నడుమ "వివిధ హోదాల్లో కీలక బాధ్యతలు నిర్వర్తించారు" అన్న ఒక్క మాట. ఇరవై ముప్పై ఏళ్ల పని ఆ ఒక్క మాటలో మునిగిపోతుంది. ఈ రంగంలోకి రాదలచిన విద్యార్థికి గానీ, ఒక సంస్థ గురించి రాయవలసిన విలేఖరికి గానీ కావలసిన సమాచారం చాలావరకు ఆ మునిగిపోయిన భాగంలోనే ఉంటుంది కనుక చదవడం అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఒక కాగితం మీద నాలుగు నిలువు గళ్లు గీసుకోండి. మొదటి దానిలో ఏడాది, రెండో దానిలో పనిచేసిన సంస్థ, మూడో దానిలో ఆ రోజుల్లో ఆయన లేదా ఆమె చేతిలో ఉన్న యంత్రం లేదా పరికరం, నాలుగో దానిలో ఎవరికి జవాబు చెప్పుకోవలసి వచ్చిందన్న వివరం రాయాలి. మొదటి రెండు గళ్లు అధికారిక పరిచయ పత్రంతోనే నిండుతాయి. మూడోది నిండడానికే శ్రమ పడాలి. అది ఖాళీగా ఉన్నంతకాలం ఆ వ్యక్తి గురించి మనకు తెలిసింది స్వల్పమే.

మూడో గడి ఎందుకంత ముఖ్యమో ఇస్రో అధ్యక్షుల వరుసను చూస్తే తెలుస్తుంది. విక్రమ్ సారాభాయ్, యు.ఆర్. రావు విశ్వకిరణాల పరిశోధన నుంచి వచ్చారు. కస్తూరిరంగన్ ఎక్స్-కిరణ ఖగోళశాస్త్రం నుంచి వచ్చారు. 1972లో పగ్గాలు చేపట్టిన సతీశ్ ధవన్ వాయుగతి శాస్త్రవేత్త, అంటే గాలి ప్రవాహాల తీరును అధ్యయనం చేసేవారు. మాధవన్ నాయర్, శివన్, సోమనాథ్, నారాయణన్ రాకెట్ల వైపు నుంచి ఎదిగినవారు కాగా, కిరణ్ కుమార్ ఉపగ్రహాలలో అమర్చే చిత్రగ్రాహక పరికరాల నిపుణుడు. రాకెట్లవారు అని కలిపి చెప్పిన నలుగురిలోనూ పోలిక తక్కువే. శివన్ పేరు రాకెట్ గమనపథాన్ని లెక్కగట్టే సితార అనే సాఫ్ట్‌వేర్‌తో ముడిపడి ఉంది. నారాయణన్ వృత్తి జీవితం ప్రధానంగా అతిశీతల ద్రవ ఇంధనంతో నడిచే క్రయోజెనిక్ ఇంజిన్ల చుట్టూ సాగింది. సోమనాథ్ 2010 నుంచి 2014 వరకు జీఎస్ఎల్వీ మార్క్-3 అనే భారీ రాకెట్‌కు ప్రాజెక్టు డైరెక్టర్‌గా పనిచేశారు. గమనపథం లెక్కించేవారు సమస్యను సమీకరణాలలో చూస్తారనీ, ఇంజిన్లతో పెరిగినవారు పరీక్షావేదిక మీద నెలల తరబడి వేచి ఉండడానికి అలవాటుపడతారనీ, మొత్తం వాహనాన్ని కూర్చేవారి దృష్టి ఒక భాగం మరో భాగంతో కలిసే చోట నిలుస్తుందనీ నా అభిప్రాయం. ఇది అందరికీ వర్తించే సూత్రం కాకపోయినా, ఒక అధిపతి ఏ ప్రశ్న ముందు వేస్తారో ఊహించడానికి డిగ్రీ కంటే ఇదే ఎక్కువగా తోడ్పడుతుంది.

ఇక డిగ్రీ సంగతి. దానిని చదవాలి గానీ దాని దగ్గరే ఆగిపోకూడదు. లాహోర్‌లో చదువుకున్న సతీశ్ ధవన్ గణితం, భౌతికశాస్త్రాలలో పట్టా తీసుకొని, ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ. చేసి, ఆపైన మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తిచేశారు. అమెరికాలోని కాల్టెక్‌లో డాక్టరేట్ ఆ తర్వాతి మాట. చైనా క్షిపణి, అంతరిక్ష కార్యక్రమాలకు పునాది వేసిన ఛియెన్ షుయెసెన్ షాంఘైలో చదివింది రైల్వే ఇంజినీరింగ్. ఐరోపా అంతరిక్ష సంస్థకు 2015 నుంచి 2021 వరకు డైరెక్టర్ జనరల్‌గా ఉన్న యాన్ వోర్నర్ సివిల్ ఇంజినీరు. యూఏఈ అంగారక యాత్ర హోప్‌లో వైజ్ఞానిక బృందాన్ని నడిపిన సారా అల్ అమీరీ కంప్యూటర్ ఇంజినీరు. 2023 ఆగస్టు 23న చంద్రుడి దక్షిణ ధ్రువానికి చేరువలో దిగిన చంద్రయాన్-3కు ప్రాజెక్టు డైరెక్టర్‌గా ఉన్న వీరముత్తువేల్ పాలిటెక్నిక్ డిప్లొమాతో మొదలై ఐఐటీ మద్రాసులో డాక్టరేట్ వరకు వెళ్లారు. రాకెట్ ల్యాబ్ స్థాపకుడు పీటర్ బెక్‌కు విశ్వవిద్యాలయ పట్టాయే లేదు. గృహోపకరణాల కంపెనీలో పనిముట్లు తయారుచేసే అప్రెంటిస్‌గా చేరి చేతిపని నేర్చుకున్న ఆయన 2006లో కంపెనీ పెట్టారు, ఆ కంపెనీ తయారుచేసిన ఎలక్ట్రాన్ రాకెట్ 2018 జనవరిలో కక్ష్యను అందుకుంది. బెక్ ఉదంతం విని చదువు అక్కరలేదని తీర్మానించుకోవడం తొందరపాటే అవుతుంది, ఎందుకంటే ఆయన పట్టా లేకుండా గడిపిన ఏళ్లు లోహంతో, యంత్రాలతో గడిపిన ఏళ్లే గానీ ఖాళీగా గడిపినవి కావు.

తర్వాత పదవుల పేర్లను విడదీసి చూడాలి. పత్రికలు అందరినీ కలిపి "అధిపతి" అనీ "సూత్రధారి" అనీ రాస్తుంటాయి, కానీ ఆ పేర్ల వెనుక ఉన్న అధికారాలు వేరు వేరు. ప్రాజెక్టు డైరెక్టర్ వాహనాన్నో వ్యోమనౌకనో గడువులోపు, కేటాయించిన సొమ్ములో తయారుచేయించే మనిషి. మిషన్ డైరెక్టర్ ప్రయోగ సమయంలోనూ యాత్ర నడుస్తున్నప్పుడూ నిర్ణయాలు తీసుకునే మనిషి. ప్రధాన పరిశోధకుడు ఒక పరికరానికో, కొన్ని యాత్రల్లో మొత్తం యాత్రకో వైజ్ఞానికంగా బాధ్యుడు. ప్లూటోను 2015 జులై 14న దాటిన నాసా వ్యోమనౌక న్యూ హొరైజన్స్‌కు అలన్ స్టెర్న్ ఆ హోదాలో ఉన్నారు. ప్రాజెక్టు శాస్త్రవేత్త అన్నది మరో హోదా. ఎడ్ స్టోన్ సౌరమండలపు బయటి గ్రహాల వైపు సాగిన వాయేజర్ యాత్రకు 1972 నుంచి 2022 వరకు, అంటే అర్ధ శతాబ్దం పాటు, ఆ బాధ్యతలో కొనసాగుతూనే మధ్యలో 1991 నుంచి 2001 వరకు నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీకి డైరెక్టర్‌గా కూడా పనిచేశారు.

నాలుగో గడి, అంటే జవాబుదారీ, పై స్థాయిలో మరింత అవసరమవుతుంది. నాసా అడ్మినిస్ట్రేటర్‌ను అమెరికా అధ్యక్షుడు సెనేట్ ఆమోదంతో నియమిస్తారు, కాబట్టి ఆ పదవికి ఇంజినీరు రావచ్చు, వ్యోమగామి రావచ్చు, రాజకీయ నాయకుడూ రావచ్చు. ఇస్రో అధ్యక్షుడు అంతరిక్ష విభాగం కార్యదర్శిగా, అంతరిక్ష కమిషన్ అధ్యక్షుడిగా కూడా ఉంటారు, అంటే సంస్థను నడిపేదీ ప్రభుత్వంతో మాట్లాడేదీ ఒకే వ్యక్తి. ఐరోపా సంస్థ డైరెక్టర్ జనరల్ సభ్య దేశాలన్నింటినీ ఒప్పించుకుంటూ సాగాలి. ప్రైవేటు కంపెనీ సీఈఓ జవాబు చెప్పవలసింది డైరెక్టర్ల బోర్డుకు, వాటాదారులకు. అందుచేత ఒక చోట గొప్పగా రాణించిన నేపథ్యం మరో చోట అంతే ఉపయోగపడుతుందని చెప్పలేం.

ఇప్పుడు అసలైన చిక్కు. ఈ రంగంలో యంత్రం పుట్టడానికి పట్టే కాలం పదవీకాలం కంటే పొడవైనది. వండినవారొకరు, వడ్డించినవారొకరు అన్నట్టుగా, ఒకరి హయాంలో మొదలైనది మరొకరి హయాంలో ఫలిస్తుంది లేదా వికటిస్తుంది. 1961 నుంచి నాసాను నడిపి చంద్రయాత్రా కార్యక్రమం అపోలోకు నిధులు, కేంద్రాలు, మనుషులు సమకూర్చిన జేమ్స్ వెబ్ 1968 అక్టోబరులో తప్పుకున్నారు. 1969 జులైలో మనిషి చంద్రుడి మీద కాలుమోపినప్పుడు అడ్మినిస్ట్రేటర్ థామస్ పేన్. అంతరిక్ష కేంద్రానికి సరకు చేరవేసే పనిని ప్రైవేటు కంపెనీలకు అప్పగించే కార్యక్రమం మైకేల్ గ్రిఫిన్ కాలంలో ప్రారంభమైంది. స్పేస్ఎక్స్ వారి వ్యోమనౌక డ్రాగన్ 2012 మేలో అక్కడికి చేరేసరికి ఆ కుర్చీలో ఉన్నది మాజీ వ్యోమగామి చార్లెస్ బోల్డెన్. కాబట్టి కాగితం మీద పదవీకాలాల పక్కన ప్రాజెక్టుల ఆమోదపు తేదీలు, ప్రయోగపు తేదీలు రెండూ రాసుకొని, ఏది ఎవరి ఖాతాలోకి వెళుతుందో ఆ తర్వాతే నిర్ణయించుకోవాలి.

విమాన కంపెనీల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. బోయింగ్ కష్టాల గురించి ప్రచారంలో ఉన్న సులువైన కథ ఇంజినీర్లను తోసిరాజని లెక్కల మనుషులు వచ్చారన్నది. అందులో నిజం లేకపోలేదు, కానీ తేదీలు పేర్చి చూస్తే కథ అంత నున్నగా ఉండదు. 737 మ్యాక్స్‌ను తయారుచేయాలని 2011లో నిర్ణయించినప్పుడు సీఈఓగా ఉన్న జేమ్స్ మెక్‌నెర్నీ ఎంబీఏ చదివి, జీఈలోనూ 3ఎంలోనూ పైకి వచ్చినవారు. 2018 అక్టోబరులో, 2019 మార్చిలో 346 మంది ప్రాణాలు తీసిన రెండు ప్రమాదాలు జరిగిన నాటికి సీఈఓ డెనిస్ మ్యూలెన్‌బర్గ్. ఆయన ఏరోస్పేస్ ఇంజినీరు, విద్యార్థి దశలోనే ఆ కంపెనీలో చేరి అందులోనే ఎదిగినవారు. ఆయన తర్వాత వచ్చిన డేవిడ్ కాల్హౌన్ అకౌంటింగ్ చదివినవారు. 2024 ఆగస్టులో పగ్గాలు చేపట్టిన కెల్లీ ఆర్ట్‌బర్గ్ మెకానికల్ ఇంజినీరు, అంతకు ముందు రాక్‌వెల్ కాలిన్స్‌ను నడిపినవారు. విమానం రూపకల్పన ఒకరి కాలానిది, దాని పర్యవసానం ఇంకొకరి కాలానిది, ప్రమాదాల తర్వాత ఏం చేశారన్నది మూడో ప్రశ్న. ఇంజినీరా, అకౌంటెంటా అన్న ఒక్క ప్రశ్నతో ఈ మూడింటికీ జవాబు రాదు.

ఆ ప్రశ్నకు బదులు, పక్కన ఎవరున్నారని అడగండి. వెబ్ చదువురీత్యా న్యాయవాది, అనుభవంరీత్యా బడ్జెట్ అధికారి. ఆయన పక్కన ఉప అడ్మినిస్ట్రేటర్‌గా వాయుగతి శాస్త్రవేత్త హ్యూ డ్రైడెన్, రోజువారీ సాంకేతిక వ్యవహారాలకు ఇంజినీరు రాబర్ట్ సీమన్స్ ఉండేవారు. ముగ్గురి నేపథ్యాలను కలిపి చదివితేనే ఆనాటి నాసా నాయకత్వం అర్థమవుతుంది. స్పేస్ఎక్స్‌లోనూ ఇదే తీరు: ఇంజిన్లకు టీఆర్‌డబ్ల్యూ అనే కంపెనీలో పనిచేసి వచ్చిన టామ్ మ్యూలర్, వ్యాపారానికి 2002లో చేరిన గ్విన్ షాట్‌వెల్. షాట్‌వెల్ మెకానికల్ ఇంజినీరింగ్, అనువర్తిత గణితం చదివి, ఏరోస్పేస్ కార్పొరేషన్‌లో సాంకేతిక పనిచేసి, ఆ తర్వాత అమ్మకాల వైపు మళ్లిన వ్యక్తి. రాకెట్ అమ్మేవారికి రాకెట్ తెలిసి ఉండడం ఎంత విలువైనదో ఊహించవచ్చు.

వైఫల్యాల కోసం ప్రత్యేకంగా వెతకాలి, ఎందుకంటే పరిచయ పత్రాలు వాటిని చెప్పవు. ఇందుకు తేలికైన మార్గం ఉంది: ఆ సంస్థ ప్రయోగాల జాబితా తీసుకొని, విఫలమైన వాటి తేదీలను మీ కాగితంలోని ఏడాదుల పక్కన పెట్టండి. ఇస్రో రాకెట్ ఎస్ఎల్వీ-3 మొదటి ప్రయోగం 1979 ఆగస్టు 10న విఫలమైంది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఆక్సీకారక ద్రవం కారిపోవడమే కారణం. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. ఆనాడు విలేఖరుల ముందుకు వచ్చి బాధ్యతను తన మీద వేసుకున్నది ధవన్ అనీ, 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరిన రోజున మాత్రం తననే మాట్లాడమన్నారనీ కలాం తర్వాతి కాలంలో పలుమార్లు చెప్పారు. స్పేస్ఎక్స్ రాకెట్ ఫాల్కన్-1 2006, 2007, 2008లలో వరుసగా మూడుసార్లు విఫలమై 2008 సెప్టెంబరు 28న కక్ష్య చేరింది. చంద్రయాన్-2 ల్యాండర్ 2019 సెప్టెంబరు 7న దిగుతూ కూలిపోవడంతో నేర్చుకున్న పాఠాలు చంద్రయాన్-3 రూపకల్పనలో కనిపిస్తాయి. వైఫల్యం తర్వాత ఆ వ్యక్తి అదే పనిలో కొనసాగారా, పక్కకు తప్పించారా, విచారణ సంఘంలో కూర్చున్నారా అన్నది రాసుకుంటే ఆ సంస్థ స్వభావం కూడా కొంత బయటపడుతుంది.

కొన్నిసార్లు ఖాళీ ఏళ్లకు కారణం వ్యక్తి కాక రాజ్యం కావచ్చు. సోవియట్ రాకెట్ల ప్రధాన రూపశిల్పి సెర్గీ కొరొల్యోవ్‌ను 1938లో నిర్బంధించి కొలిమా శిబిరానికి పంపారు. ఆ తర్వాత స్పుత్నిక్, గగారిన్ యాత్రల ఘనత ఆయనదైనా, 1966 జనవరిలో మరణించేవరకు ఆయన పేరును బయటి ప్రపంచానికి తెలియనివ్వలేదు.

గురుశిష్య సంబంధాలకు కాగితం అంచున ఒక గీత చాలు. యు.ఆర్. రావు డాక్టరేట్ సారాభాయ్ వద్ద చేశారు, ఛియెన్ కాల్టెక్‌లో థియొడోర్ వాన్ కార్మాన్ వద్ద, ధవన్ అదే సంస్థలో హాన్స్ లీప్‌మాన్ వద్ద చేశారు. పురస్కారాల జాబితాను మాత్రం నిశ్చింతగా వదిలేయవచ్చు. అవి సాధారణంగా పదవిని వెతుక్కుంటూ వస్తాయి.

చివరికి సరిచూసుకోవడం. సంస్థ ప్రకటన ఒక్కదానినే నమ్ముకోకుండా, ప్రమాద విచారణ నివేదికలు, ఆ వ్యక్తి పేరుతో వెలువడిన పరిశోధన పత్రాలు, నాసా జాన్సన్ కేంద్రం సేకరించినటువంటి మౌఖిక చరిత్రలు చూడాలి. "నేతృత్వంలో", "పర్యవేక్షణలో", "పాలుపంచుకున్నారు" అన్న మూడు మాటలకూ అర్థం ఒకటి కాదు. మూడో మాట కనిపించిన ప్రతిచోటా ఆ ప్రాజెక్టు డైరెక్టర్ ఎవరో వెతికి పట్టుకోండి. అప్పటికీ మూడో గడిలో ఖాళీలు మిగిలితే వాటిని ఊహతో నింపకుండా అలాగే ఉంచి, ఆ వ్యక్తిని కలిసే అవకాశం దొరికిన రోజున మొదటి ప్రశ్నగా వాటి గురించే అడగండి.