మన చేత్తో ఎఫ్‌ఎం యాంటెన్నా – 3వ పాఠం: డైపోల్ కట్టడం

పోయిన పాఠంలో తరంగం పొడవు లెక్క నేర్చుకున్నాం: 300ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లలో వస్తుంది. ఈసారి ఆ లెక్కతో తీగ కోద్దాం. కట్టబోయేది డైపోల్. అంటే రెండు సమానమైన తీగలు ఎదురెదురు దిక్కులకు చాచి, మధ్యలోంచి రేడియోకి కేబుల్ దించడం. రెండు తీగల మొత్తం పొడవు సగం తరంగం ఉండాలి.

సరిగ్గా సగం కాదు, దాదాపు 5 శాతం తక్కువ. కాబట్టి 143ని స్టేషన్ మెగాహెర్ట్జ్‌తో భాగించేయండి, సరిపోతుంది. విజయవాడ ఎఫ్‌ఎం రెయిన్‌బో 102.2లో వస్తుంది. 143ని 102.2తో భాగిస్తే 1.40 మీటర్లు, ఒక్కో తీగ 70 సెంటీమీటర్లు. హైదరాబాద్ రెయిన్‌బో 101.9, దానికీ అదే కొలత. 98.3లో వచ్చే మిర్చికి 73. మన బ్యాండ్ 88 నుంచి 108 దాకా ఉంటుంది కాబట్టి అన్నీ వినాలనుకునేవాళ్లు 73 దగ్గర కోసుకోండి. వినడానికి వాడే యాంటెన్నాకి ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయినా చెవికి తేడా తెలియదు, టెన్షన్ పడక్కర్లేదు.

సామాన్లు: ఇంటి వైరింగ్‌కి వాడే 1 స్క్వేర్ ఎంఎం రాగి వైరు రెండు మీటర్లు, డిష్ టీవీకి వేసే ఆర్‌జీ-6 కేబుల్ కావలసినంత, మీటరున్నర పీవీసీ కరెంటు పైపు, స్క్రూలుండే కనెక్టర్ ఒకటి, టేపు. కేబుల్ కొనక్కర్లేదేమో చూడండి. డిష్ తీసేసిన ఇళ్లలో అటక మీద చుట్టలు చుట్టలుగా పడి ఉంటుంది. అది 75 ఓముల కేబుల్ (ఓములంటే సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం కొలత), డైపోల్ నడుమ ఉండేది సుమారు 73 ఓములు. ఈ రెండూ ఇంత బాగా కలుస్తాయి కాబట్టే డైపోల్‌తో మొదలుపెట్టాం.

ఇక అసలు పని కేబుల్ చివర ఒలవడం. నాలుగు సెంటీమీటర్ల మేర పైతొడుగు చుట్టూ బ్లేడుతో గీసి లాగేయండి. గట్టిగా నొక్కితే లోపలి జల్లెడ (సన్న తీగల అల్లిక) తెగుతుంది, గీతలా పడితే చాలు. జల్లెడ తీగల్ని వెనక్కి దువ్వి, ఒకపక్కకి పేనండి. కింద వెండి రేకులాంటి పొర ఉంటుంది, దాన్ని మొదలంటా కత్తిరించండి. ఆ తర్వాత తెల్లటి నురగ ప్లాస్టిక్‌ని మొదట్లో ఒక సెంటీమీటరు వదిలి మిగతాది ఒలిస్తే మధ్య తీగ బయటపడుతుంది. ఇక్కడ కళ్లు పెట్టి చూడాలి. జల్లెడలోని వెంట్రుకంత తీగ ఒక్కటి మధ్య తీగకి తగిలినా సిగ్నల్ అక్కడే షార్ట్ అవుతుంది.

సోల్డరింగ్ అలవాటున్నవాళ్లకి ఒక మాట. ఆర్‌జీ-6లో జల్లెడ ఎక్కువగా అల్యూమినియందే, దానికి సీసం అంటదు. అందుకే స్క్రూ కనెక్టర్ చెప్పాను. ఒక రంధ్రంలో మధ్య తీగ, దానికి ఎదురుగా ఎడమ రాగి తీగ. రెండో రంధ్రంలో జల్లెడ, ఎదురుగా కుడి తీగ. బిగించి, నీళ్లు దిగకుండా టేపు చుట్టండి. కనెక్టర్‌ని పైపు మధ్యలో కట్టి, తీగల్ని పైపు వెంబడి చాచి అతికించండి. కేబుల్‌ని కనెక్టర్ దగ్గరే ఐదారు చుట్లు, అరచేయంత వెడల్పున చుట్టి, కనీసం ఒక మీటరు దాకా పైపుకి 90 డిగ్రీల కోణంలో తిన్నగా తీసుకెళ్లండి. తీగల పక్కనే వేలాడదీయకూడదు.

పైకెక్కించే ముందు మల్టీమీటర్‌ని, తీగ కలిస్తే కూత పెట్టే కంటిన్యుటీ సెట్టింగులో ఉంచి చూడండి. రేడియో వైపు చివర మధ్య తీగకీ జల్లెడకీ మధ్య కూత రాకూడదు. మధ్య తీగ నుంచి ఎడమ తీగ కొసకి కూత రావాలి, జల్లెడ నుంచి కుడి తీగ కొసకి కూడా.

మ్యూజిక్ సిస్టమ్ వెనక 75 ఓముల సాకెట్ ఉంటే నేరుగా పెట్టుకోవచ్చు. బ్యాటరీ రేడియోకి మొసలి క్లిప్పుతో మధ్య తీగని ఏరియల్ కడ్డీకి, జల్లెడని బ్యాటరీ మైనస్ స్ప్రింగుకి తగిలించండి. కరెంటు మీద నడుస్తున్న సెట్టు లోపల మాత్రం చేయి పెట్టొద్దు.

ఎక్కడ పెట్టాలి? తీగ ఎంత మంచిదన్నదానికన్నా ఈ ప్రశ్నే ముఖ్యం. ఎఫ్‌ఎం దాదాపు చూపు మేరకే వెళ్తుంది. టవర్ 100 మీటర్ల ఎత్తుంటే, 2 మీటర్ల ఎత్తులోని యాంటెన్నాకి చదునైన నేల మీద లెక్క ప్రకారం 47 కిలోమీటర్లు, 10 మీటర్ల ఎత్తుకి 54. కాబట్టి రేకుల కప్పు కింద, స్లాబు కింద పెట్టి బూస్టర్ (సిగ్నల్‌ని పెంచే పెట్టె) కొనడం నా దృష్టిలో డబ్బు దండగ. బూస్టర్ సిగ్నల్‌తోపాటు గరగరనీ పెంచుతుంది. ఎల్‌ఈడీ బల్బు, నాసిరకం చార్జర్ పక్కన పెట్టినా ఆ గరగరే. డాబా మీద పెట్టేటప్పుడు కరెంటు తీగలకి పైపు అందనంత దూరం ఉండాలి. ఉరుములొస్తే కేబుల్ పీకేయండి, వీలైతే మబ్బు పట్టగానే.

డైపోల్ తన పక్కల నుంచి బాగా వింటుంది, కొసల వైపు దాదాపు వినదు. కాబట్టి కొసలు స్టేషన్ వైపు చూడకూడదు. అడ్డంగా ఉంచి నెమ్మదిగా తిప్పండి, తర్వాత నిలువుగా పెట్టి చూడండి. కొన్ని టవర్ల నుంచి నిలువే మేలు.

వచ్చే పాఠానికి ఇంటిపని: డైపోల్ లేకుండా వచ్చే స్టేషన్లు, పెట్టాక వచ్చేవి, ఏ దిక్కుకి ఏది బాగుందో ఒక కాగితం మీద రాసుకోండి. డైపోల్ కన్నా 5 శాతం పొడవైన అల్యూమినియం కడ్డీ ఒకటి సిద్ధం చేసుకోండి. దాన్ని వెనక నిలబెట్టి, ఒకే దిక్కు వినేలా చేద్దాం.