ట్రయల్స్ బండి స్వయంశిక్షణ – 4వ పాఠం: ఫ్లైవీల్ బరువు

ట్రయల్స్ అంటే కాలు కింద పెట్టకుండా రాళ్లూ గుట్టల మీద బండి నడిపే ఆట. కాలు నేలకు ఆనించకుండా ఒకటో గేర్లో నడక వేగంతో తిరగడం పోయిన పాఠంలో చేశాం. బుల్లెట్ మీద చేసినవాళ్లకు అది తేలిగ్గానే వచ్చి ఉంటుంది. ఆర్‌ఎక్స్ 100 అయితే రేజ్ తగ్గినప్పుడల్లా ఆగిపోయి ఉంటుంది. అందుకు కారణాలు రెండు మూడున్నా పెద్ద వాటా ఫ్లైవీల్‌దే, అంటే ఇంజన్ ఇరుసుకు బిగించి దాంతోపాటే తిరిగే బరువైన చక్రానిదే.

చొప్ప కోసే చేతిమిషను తిప్పినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. పెద్ద ఇనప చక్రం, బరువంతా అంచున. మొదట భుజం లాగేస్తుంది, ఊపందుకున్నాక ఎంత చొప్ప పెట్టినా ఆగదు. ఇంజన్లో కూడా బరువు పెంచితే హార్స్‌పవర్ పెరగదు. వేగం పెరగడం, తగ్గడం రెండూ నిదానిస్తాయి.

అదే బరువును ఇరుసు నుంచి రెట్టింపు దూరంలో పెడితే ప్రభావం నాలుగింతలు. చుట్లు నిమిషానికి 1,500 నుంచి 3,000కు పెరిగితే దాచుకున్న శక్తీ నాలుగింతలే. బండరాయి ముందు రేజ్ చేసి క్లచ్ వదలగానే బండి పైకి లేచేది ఈ దాచిన శక్తితోనే.

చీమకుర్తి వైపు దొరికే నున్నటి గ్రానైట్ ముక్కలు తడిస్తే చూడాలి! తేలిక ఫ్లైవీల్‌తో ఇంజన్ కొట్టే ప్రతి దెబ్బా టైరుకు తగిలి జారిపోతుంది. బరువైనది ఆ దెబ్బల్ని సాఫు చేస్తుంది, టైరు పట్టు నిలుస్తుంది. కానీ ఒకసారి జారిందా, రేజ్ వదిలినా చక్రం తిరుగుతూనే ఉంటుంది. క్లచ్ నొక్కాల్సిందే. ఉదయగిరి లాంటి కొండదారుల్లో దిగేటప్పుడూ ఇంతే, రేజ్ మూసిన తర్వాత కూడా బండి కాసేపు ముందుకు తోస్తుంది.

ఇదంతా కింది గేర్లలోనే బాగా తెలుస్తుంది. నాలుగో గేర్లో పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. బండిని పక్కకు వాల్చడంలో కాస్త మొండితనం వస్తుందంటారు, నిజమే, కానీ చక్రాల ప్రభావం ముందు అదెంత!

ఈ వారం సాధన: చిన్న ఎత్తు ఎక్కుతూ సగంలో రేజ్ పూర్తిగా మూసి, క్లచ్ ముట్టుకోకుండా, ఇంజన్ ఆగేలోపు బండి ఎంత దూరం పోతుందో గుర్తు పెట్టండి. మరీ త్వరగా ఆగితే ముందు ఐడ్లింగ్ కాస్త పెంచి చూడండి. అప్పటికీ చాలకపోతేనే మాగ్నెట్‌కు (అయస్కాంతాలుండే ఫ్లైవీల్‌కు) బిగించే అదనపు బరువు రింగు గురించి ఆలోచించండి. అదీ ఆ మోడల్‌కని చేసినదే కొనాలి. లేత్ మీద ఏదో ఇనప రింగు తిప్పించి వెల్డింగ్ పెట్టించారంటే ఆ వేడికి అయస్కాంతాలు బలం కోల్పోతాయి, బ్యాలెన్సూ చెడుతుంది.