గాలి గన్, గాలి గ్రైండర్: ఒంటికి దెబ్బ తగలకుండా వాడడం ఎలా?

కరెంటు మిషన్ ప్లగ్గు పీకేస్తే ఆగిపోతుంది. గాలి మిషన్ సంగతి వేరు. కంప్రెషర్ స్విచ్ ఆపేసినా ట్యాంకులో, పైపులో గాలి బిగుసుకుని ఉంటుంది. ట్రిగ్గర్ మీద పొరపాటున వేలు పడితే చాలు, నట్లు విప్పి బిగించే గాలి గన్ (ఇంపాక్ట్ గన్) గిర్రున తిరుగుతుంది. బాలానగర్ షెడ్డయినా, ఆటోనగర్ గ్యారేజీ అయినా, వీధి చివరి టైర్ల షాపయినా ఈ సంగతి గుర్తుపెట్టుకునే పని మొదలుపెట్టాలి.

పొద్దున్నే నీళ్లు దించండి

ట్యాంకు అడుగున ఉన్న డ్రెయిన్ వాల్వు తిప్పి, నీళ్లు పోయి ఉత్త గాలి వచ్చేదాకా ఉంచండి. వానాకాలంలో పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి దించాలి. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి మోయగలిగే నీటి ఆవిరి దాదాపు 30 గ్రాములే. 7 బార్ల ఒత్తిడికి నింపడమంటే ఎనిమిది ఘనపు మీటర్ల గాలిని ఒక్క ఘనపు మీటరులో కుక్కడం. చల్లబడగానే ఆ గాలి మోయలేక మిగిలిన తడి అంతా నీరై అడుగుకు చేరి, ట్యాంకును లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది. అదే నీరు గన్‌లోకి వెళ్తే బేరింగులు పోతాయి.

ఒత్తిడి చూసేది గన్ తిరిగేటప్పుడు

చాలా చేతి పనిముట్లకు 90 పీఎస్ఐ ఒత్తిడి, అంటే సుమారు 6.2 బార్లు సరిపోతుంది. పనిముట్టు మీద రాసిన అంకె ఇంకా తక్కువుంటే అదే పాటించండి. గన్ పిడి దగ్గర చిన్న మీటరు పెట్టి, ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని ముల్లు చూడాలి. ఊరికే ఉన్నప్పుడు 90 చూపిన ముల్లు గన్ తిరగగానే 65కు పడిపోవచ్చు. అది చూసి, లైనులో ఒత్తిడిని సరిచేసే రెగ్యులేటర్ పెంచేయకండి. పైపు సన్నగా ఉందా, మరీ పొడుగైందా, ఫిల్టర్ మూసుకుపోయిందా అని వెతకండి. హాఫ్ ఇంచ్ గన్‌కు (సాకెట్ తగిలించే కొస అర అంగుళం ఉన్నది) 10 మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న పైపు కావాలి. కారణం సరిచేయకుండా రెగ్యులేటర్ పెంచితే, వేగాన్ని హద్దులో ఉంచే గవర్నర్ లేని గ్రైండర్ హద్దు మించిన వేగంతో తిరిగే ప్రమాదం ఉంది.

పైపును చేత్తో తడుముతూ ఉబ్బులు, పగుళ్లు చూసుకోండి. పైపులోకి గాలి వదలకముందే ఈ పని చేయాలి. కప్లింగ్ దగ్గర బైండింగ్ వైరు చుట్టి సరిపెట్టకండి, సరైన క్లిప్పు బిగించండి. లోపలి వ్యాసం అర అంగుళం దాటిన పైపుకైతే, పగిలినా ఊడినా గాలిని దానంతటదే ఆపే సేఫ్టీ వాల్వు మొదట్లోనే ఉండాలి. ఊడిన పైపు పాములా కొట్టుకుంటుంది. దాన్ని పట్టుకోబోకండి, దూరం జరిగి మెయిన్ వాల్వు కట్టేయండి.

లైనులో గాలికి నూనె కలిపే లూబ్రికేటర్ లేకపోతే గాలి లోపలికి వెళ్లే మూతిలో నాలుగైదు చుక్కలు ఎయిర్ టూల్ ఆయిల్ వేయండి. దాని బదులు ఇంజన్ ఆయిల్ వేయకండి, అది చిక్కన, లోపలి బ్లేడ్లు అతుక్కుపోతాయి.

సాకెట్, డిస్కు: అసలు ప్రమాదం ఇక్కడే

చేతి పానాకు వాడే తళతళలాడే క్రోమ్ సాకెట్‌ను గన్‌కు తగిలించకండి. అది గట్టిదే కానీ పెళుసు. దెబ్బ మీద దెబ్బ పడితే ముక్కలై ఎగురుతుంది. గన్‌కు నల్లటి, మందపాటి ఇంపాక్ట్ సాకెట్ కావాలి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొనేటప్పుడు ఆ పేరు చెప్పే అడగండి. పిన్నూ రబ్బరు రింగూ ఉంటేనే ఊడకుండా ఉంటుంది.

గ్రైండర్ డిస్కు మీది ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు), మిషన్ మీద రాసిన ఆర్‌పీఎంకు సమానంగానో ఎక్కువగానో ఉండాలి. 80 మీటర్లు/సెకను అని ఉన్న 100 మిల్లీమీటర్ల డిస్కు హద్దు సుమారు 15,200. ఇరవై వేలకు పైగా తిరిగే చిన్న డై గ్రైండర్‌కు అదే డిస్కు ఎక్కిస్తే, ముట్టుకోకముందే పగలొచ్చు. గార్డు తీసేసి ఎప్పుడూ నడపకండి. కొత్త డిస్కు వేశాక గార్డు ఉంచి, మనిషి పక్కకు నిలబడి, ఒక నిమిషం ఊరికే తిప్పి చూడండి.

కళ్లద్దాలు, చెవులకు ప్లగ్గులు తప్పనిసరి. వదులుగా వేలాడే గుడ్డలు, చున్నీ, తాయెత్తు తాడు తిరిగే వస్తువు దగ్గరికి రాకూడదు. చక్రం నట్లను గన్‌తో కొద్దిగా బిగించి వదిలేసి, చివరి బిగింపు, ఎంత బిగించామో చూపే టార్క్ పానాతో, బండి పుస్తకంలో ఉన్న అంకెకు చేయండి. గన్‌తోనే బిగిస్తే స్టడ్డు సాగిపోతుంది.

సాకెట్ మార్చాలన్నా, పని ముగించాలన్నా

ముందు వాల్వు కట్టేయండి. పనిముట్టును మనుషులకు దూరంగా పెట్టి ట్రిగ్గర్ నొక్కండి. సుయ్‌మని మిగిలిన గాలి పోయి, మళ్లీ నొక్కినా గన్ కదలకపోతేనే పైపు తీయండి, సాకెట్ మార్చండి. పది సెకన్ల పని ఇది.

ఒంటి మీద గాలి కొట్టకండి

చొక్కా దుమ్ము దులపడానికి గాలి ఊదే బ్లో గన్ వాడడం చాలా చోట్ల అలవాటు. మానుకోండి. చిన్న గాటు గుండా కూడా గాలి చర్మం కిందికి దూరుతుంది, కంట్లో రజను గుచ్చుకుంటుంది. విడిభాగాలు శుభ్రం చేసేటప్పుడు కూడా గన్ మూతి మూసుకుపోతే ఒత్తిడి 30 పీఎస్ఐ దాటకూడదని అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నియమం. అందుకు పక్కన రంధ్రాలున్న సేఫ్టీ బ్లో గన్ వాడాలి.

సరదాకని తోటి కుర్రాడి మలద్వారం దగ్గర గాలి పైపు పెట్టడం వల్ల మన దేశంలో కార్మికులు చనిపోయారు. బట్టల మీంచి పెట్టినా గాలి లోపలికి వెళ్తుంది, టైరుకు కొట్టే ఒత్తిడిలో కొంత చాలు పేగు చిట్లడానికి. షెడ్డులోకి పనికి వచ్చిన ప్రతి కొత్త కుర్రాడికీ మొదటిరోజే ఈ మాట చెప్పండి. గాలి సరిపోలేదని ఆక్సిజన్ సిలిండర్‌ను గన్‌కు తగిలించడమూ అంతే ప్రాణాంతకం, నూనె తగిలితే పేలుతుంది.

ఎవరికైనా ఒంట్లోకి గాలి వెళ్తే పైకి గాయం కనిపించకపోయినా 108కి ఫోన్ చేయండి. నీళ్లు, తిండి ఇవ్వకండి, ఆపరేషన్ అవసరం పడొచ్చు. ఎక్కడ తగిలింది, ఎంత ఒత్తిడి, ఎంతసేపయింది అన్నది డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. యజమాని ఏమంటాడోనని "జారి పడ్డాడు" అని చెప్తే, కడుపునొప్పికి మందిచ్చి పంపేస్తే, చిట్లిన పేగు దొరికేసరికి ఆలస్యమైపోతుంది.