రాక్ ఏడ దొరుకుతది?

రాక్ సంగీతం పనైపోయిందని మా మిర్యాలగూడ పోరగాళ్లంటే నేనొప్పుకోను. రీల్స్‌ల ఎదురుపడదంతే, ఎతుక్కోవాలె.

ముందుగాల యూట్యూబ్‌ల కేఈఎక్స్‌పీ చూడుండ్రి. అది సియాటిల్ రేడియో స్టేషను, బ్యాండ్లను స్టూడియోకు పిలిచి లైవ్‌గ వాయిపిస్తది. ఒక బ్యాండ్ నచ్చిందంటే బ్యాండ్‌క్యాంప్ అనే పాటల వెబ్‌సైట్‌ల ఎతుకుండ్రి. ఆల్బమ్ కింద వాళ్ల ఊరి ట్యాగ్ ఉంటది, అది నొక్కితే ఆ ఊరి వేరే బ్యాండ్లు గుడ బయటపడ్తయి. నాకైతే అన్నిటికంటె ఇదే మంచి తొవ్వ.

డప్పు దెబ్బకు అలవాటైన చెవికి ఢిల్లీ బ్యాండ్ బ్లడీవుడ్ ఎంటనే ఎక్కుతది: మెటల్ (బాగ గట్టి రాక్) గిటార్లు, పక్కన ఢోలు, పిల్లనగ్రోవి. 2022ల జపాన్ ఫుజి రాక్ పండుగల గుడ వాయించిండ్రు. నైజర్ దేశపు గిటారిస్టు ఎండూ మోక్తార్‌ను, మంగోలియా బ్యాండ్ ద హూను గుడ ఇనుండ్రి. హెడ్‌ఫోన్స్ మాత్రం పెట్టుకోవాలె. ఫోన్ స్పీకర్ల బేస్ గిటార్ సరిగ ఇనరాదు.